బూర కారును తోసేది బయటి గాలి కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను అనకాపల్లి జిల్లా యలమంచిలిలో సైకిల్ షాపు నడుపుతాను. 38 ఏళ్ళుగా చక్రాలకు గాలి కొట్టడమే నా బతుకు. మీ పేపరు పొద్దున్నే మా షాపుకొస్తుంది. పంక్చరు కోసం వచ్చినవాళ్ళందరూ చదివేశాక, పదింటికి నూనె మరకలతో నా చేతికి వస్తుంది. పేపరుకి ఉత్తరం రాయడం నాకు ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది. కత్తిరించాలనుకుంటే నా సోది ఉన్నచోట కత్తిరించండి, లెక్కలున్న చోట మాత్రం ఉంచండి.

పోయిన నెల ఒక ఆదివారం మీ పిల్లల పేజీలో బెలూన్‌తో నడిచే కారు ఎలా చేసుకోవాలో వేశారు. మా వైపు బెలూన్ని బూర అంటాం, నేను అలాగే రాస్తాను. అట్టముక్క, నాలుగు సీసా మూతలు, ఒక స్ట్రా, ఒక బూర. చేసే పద్ధతి చక్కగా రాశారు, తప్పు పట్టడానికేం లేదు. అయితే అడుగున 'ఇందులో సైన్స్' అని ఒక డబ్బా కట్టి అందులో మూడు మాటలు వేశారు. బూరలోంచి వచ్చే గాలి వెనకున్న గాలిని తోస్తుంది, ఆ వెనక గాలి తిరగబడి కారును ముందుకి నెడుతుంది అన్నది మొదటిది. బూరను ఎంత పెద్దగా ఊదితే అంత బలంగా తోస్తుంది అన్నది రెండోది. చక్రాలు నేలను వెనక్కి నెట్టడం వల్ల కారు ముందుకి పోతుంది అన్నది మూడోది. మూడూ తప్పే. పక్కన వేసిన బొమ్మలో బాణం గుర్తులు కూడా ఆ తప్పుల ప్రకారమే ఉన్నాయి.

మామూలుగా అయితే ఊరుకునేవాణ్ణి. పేపరు మర్నాటికి బజ్జీల పొట్లం అయిపోతుంది కదా. కానీ ఆ డబ్బా మూలంగా మా మనవరాలికి సైన్స్ ఫెయిర్‌లో మార్కులు పోయాయి.

అది ఎనిమిదో తరగతి. మా అమ్మాయి కూతురు. బడి నుంచి వచ్చాక వాళ్ళమ్మ డ్యూటీ దిగేదాకా మా షాపులోనే ఉంటుంది. మీ పేజీ చూసే కారు మొదలుపెట్టింది, ఆ మేరకు మీకు థాంక్స్ చెప్పాలి. కానీ ఆ డబ్బాలో రాసింది దానికి నచ్చలేదు. "తాతా, వెనక గాలి నెడితే, గోడకి దగ్గరగా పెట్టినప్పుడు ఇంకా గట్టిగా నెట్టాలి కదా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇంటర్ ఎంపీసీతో చదువు ఆపేసినవాణ్ణి. చేసి చూద్దాం పద అన్నాను.

ఫెయిర్‌లో ఏం జరిగిందో ముందు చెబుతాను. బల్ల దగ్గరికి జడ్జిగారు వచ్చారు. నేను వెనకాల గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

"కారు ఎందుకు ముందుకి పోతోందమ్మా?"

"బూర తన లోపలి గాలిని వెనక్కి తోస్తోంది సార్. ఆ గాలి బూరని ముందుకి తోస్తోంది."

"ఆ వచ్చిన గాలి బయటి గాలిని తోస్తేనే కదా?"

"అక్కర్లేదు సార్. బయట గాలి లేకపోయినా తోస్తుంది."

ఆయన నవ్వారు. "బయట ఏమీ లేకపోతే దేన్ని ఆనుకుని తోస్తుందమ్మా?" అని, జేబులోంచి ఫోన్ తీసి మీ పేజీ ఫోటో చూపించారు. "పేపర్లో కూడా వేశారు చూడు" అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న వేశారు: తోపు, ఎదురుతోపు సమానమైతే రెండూ చెల్లు అయిపోవాలి కదా, కారు ఎలా కదిలింది? దానికి మాత్రం పిల్ల తడుముకోకుండా చెప్పింది. ఒకటి గాలి మీద పని చేస్తుంది సార్, ఇంకోటి కారు మీద పని చేస్తుంది, వేరే వేరే వాటి మీద ఉన్నవి ఎలా చెల్లవుతాయి అని. ఆయన తలూపి ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. మార్కుల కాగితంలో 'సూత్రం వివరణ' అన్న గడిలో 20కి 6 వేశారు.

ఇంటికొచ్చేటప్పుడు అది ఏడవలేదు. సైకిల్ వెనక కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు అడిగింది: "తాతా, చంద్రుడి మీద గాలి ఉండదు కదా? మరి విక్రమ్ ఎలా దిగింది?"

అయ్యా, ఈ ఒక్క ప్రశ్నకి మీ డబ్బాలో జవాబు లేదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగుతుంటే మా షాపు ఎదురుగా టీ కొట్టు టీవీ ముందు నలభై మందిమి నిలబడి చూశాం. చంద్రుడి నేలకి 30 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడే విక్రమ్ ఇంజన్లు మండించి వేగం తగ్గించుకోవడం మొదలుపెట్టింది. అక్కడ గాలి లేదు. ఆనుకోవడానికి ఏమీ లేదు. తన పొట్టలో మోసుకెళ్ళిన ఇంధనాన్ని మండించి, ఆ వాయువుని తను పోతున్న వైపుకే చిమ్మింది. ఆ వాయువు విక్రమ్‌ని వెనక్కి ఒత్తింది. దిగిన కొద్ది రోజులకి మళ్ళీ ఇంజన్లు వెలిగించి 40 సెంటీమీటర్లు పైకి గెంతి పక్కన దిగింది కూడా. వెనక గాలి నెట్టడం వల్లే ఇలాంటివి నడుస్తాయంటే శ్రీహరికోట వాళ్ళంతా దుకాణం కట్టేసుకోవాలి.

ఇక మా షాపులో చేసిన పనులు చెబుతాను. మీరు మూడు మాటలే రాశారు గానీ ఈ బొమ్మకారు మీద జరిగే తోపులాట చాలా ఉంది.

మొదటి కారు మీరు చెప్పినట్టే సీసా మూతలతో చేశాం. ఇరుసులకి మాత్రం పుల్లలు కాకుండా పాత సైకిల్ స్పోకులు కోసి పెట్టాను, అవి తిన్నగా, నున్నగా ఉంటాయి. స్పోకు తిరగడానికి వాడేసిన పెన్నుల గొట్టాలు అట్ట కింద అతికించాం. బూర మూతిని ఇంకో పెన్ను గొట్టానికి తొడిగి, పాత ట్యూబులోంచి కోసిన రబ్బరుతో నాలుగు చుట్లు బిగించాం. బిగించాక పంక్చరు చూసే నీళ్ళ తొట్టిలో ముంచితే మూతి దగ్గర బుడగలు వచ్చాయి. ఇంకో రెండు చుట్లు వేస్తే ఆగాయి. లీకు ఉన్న బూరతో కారు నడిపి 'మా కారు పోవట్లేదు' అని ఏడ్చే పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళకి ఈ నీళ్ళ తొట్టి సంగతి మీ పేజీలో రాయండి, పనికొస్తుంది.

ఆ కారు బరువు 40 గ్రాములు. బడి వరండా గచ్చు మీద వదిలితే మూడు మీటర్లు పోయి, పక్కకి తిరిగి ఆగిపోయింది. మూతల నడిమధ్యన కన్నం పడలేదు, చక్రం అవుట్‌లో తిరుగుతోందని కూర్చుని చూస్తేనే తెలుస్తోంది. రిమ్ము బెండు తీయడం నా చేతి పనే గాని సీసా మూతకి బెండు తీసే తాళంచెవి నా దగ్గర లేదు.

ఏటికొప్పాక మాకు దగ్గరే. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క పూసి బొమ్మలు చేసే ఊరు, 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ తెలిసినాయన ఒకరు రంగు సరిగా పట్టలేదని పక్కన పడేసిన బొమ్మబండి చక్రాలు నాలుగు ఇచ్చారు. లేతు మీద తిరుగుతూ తయారైన చక్రం కాబట్టి కన్నం నడిమధ్యనే ఉంటుంది. అవి బిగించాక కారు 62 గ్రాములకి పెరిగింది. బరువు పెరిగింది కాబట్టి తక్కువ పోతుందని పిల్ల భయపడింది. ఏడున్నర మీటర్లు పోయింది.

ఎందుకంటే, బరువు కన్నా రాపిడి చేసే చేటు ఎక్కువ. ఆ రాపిడిని ఎలా కొలవాలో నాకు తెలియదు, పిల్ల చెప్పింది. మీటరు పొడుగు పలక తెచ్చి, దాని మీద కారు పెట్టి, ఒక కొస మెల్లగా ఎత్తుకుంటూ పోవాలి. వేలితో చిన్నగా తట్టినప్పుడు కారు ఆగకుండా, వేగం పెరగకుండా అలా దిగుతుంటే, ఎత్తిన ఎత్తుని కొలవాలి. మూతల కారుకి 12 సెంటీమీటర్లు ఎత్తాల్సి వచ్చింది. అంటే కారు బరువులో నూటికి 12 వంతుల బలం రాపిడికే పోతోంది, సుమారు 5 గ్రాముల బరువంత. కర్ర చక్రాల కారుకి 4 సెంటీమీటర్లు చాలింది. అంటే రెండున్నర గ్రాములు.

ఇక్కడ నా తెలివితక్కువ ఒకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్ళు గ్రీజు పూసిన చెయ్యి ఊరుకోదు కదా. స్పోకులకి బాగా గ్రీజు పట్టించాను. పలక ఇంకా ఎక్కువ ఎత్తాల్సి వచ్చింది! మనిషి బరువు మోసే ఇరుసుకి గ్రీజు మేలు చేస్తుంది. అరవై గ్రాముల బొమ్మకి ఆ జిగటే బ్రేకు. అంతా తుడిచేసి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాక గాని నాలుగు సెంటీమీటర్లకి రాలేదు. మనవరాలు ఇప్పటికీ గ్రీజు డబ్బా చూసి నవ్వుతుంది.

తోపు ఎంతుందో కూడా కొలిచాం. దీనికి పక్కనున్న బంగారం కొట్టు కాటా పనికొచ్చింది. మధ్యాహ్నం బేరం లేని వేళ ఆయన ఫ్యాన్ ఆపేసి కాటా ఇచ్చారు. కారుని నిలువుగా, గొట్టం మూతి పైకి ఉండేలా ఒక గ్లాసులో నిలబెట్టి కాటా మీద పెట్టి సున్నా చేశాం. వేలు తీయగానే గాలి బుస్సుమని పైకి లేచింది, కాటా 6 గ్రాములు చూపించింది. గాలి పైకి పోతుంటే కారు కిందికి ఒత్తుతోందన్నమాట. 'అర తులానికి కాస్త పైన' అన్నారాయన. మొత్తం నాలుగు సెకన్లు బూర ఖాళీ కావడానికి. ఆ నాలుగు సెకన్లలో అంకె పెద్దగా మారలేదు.

అర తులం అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ ఎదురుగా ఉన్నది రెండున్నర గ్రాముల రాపిడి. మిగిలిన మూడున్నర గ్రాములే కారును పరిగెత్తించింది. మూతల కారుకి మిగిలింది ఒక్క గ్రాము చిల్లర, అందుకే అది మూడు మీటర్లకే చతికిలబడింది.

పిల్ల ఇంకో లెక్క వేసింది. బూర కొబ్బరి బోండాం కన్నా కాస్త పెద్దది, గాలి సుమారు 4 లీటర్లు పడుతుంది. లీటరు గాలి ఒక గ్రాము పైచిలుకు తూగుతుంది కాబట్టి మొత్తం గాలి 5 గ్రాములే. నాలుగు లీటర్లూ నాలుగు సెకన్లలో 5 మిల్లీమీటర్ల కన్నంలోంచి బయటికి రావాలంటే సెకనుకి 50 మీటర్ల వేగంతో రావాలి. గంటకి 180 కిలోమీటర్లు! మా స్టేషన్లో ఆగకుండా పోయే ఏ రైలూ అంత వేగం పోదు. 5 గ్రాముల గాలి అంత వేగంగా వెనక్కి పోతుంది కాబట్టే 62 గ్రాముల కారు ముందుకి వస్తోంది. వెనక్కి పోయిన దాని బరువుని వేగంతో గుణించు, ముందుకి వచ్చిన దాని బరువుని వేగంతో గుణించు, రాపిడి లేకపోతే రెండూ ఒకటే రావాలి. 1687లో న్యూటన్ పుస్తకంలో అచ్చయిన మూడో సూత్రం ఇదే కదా అని నేను ఇంటర్ గుర్తు చేసుకున్నాను. ఇందులో బయటి గాలి ఊసే లేదు.

బూర లోపల ఏం జరుగుతోందో ట్యూబులతో బతికే నేను ఇలా అనుకుంటాను. లోపలి గాలి రబ్బరుని అన్ని వైపులా ఒకేలా ఒత్తుతుంది. ఎడమ ఒత్తుడుకి కుడి ఒత్తుడు సరి, పైదానికి కిందది సరి. ముందు గోడ మీద ఒత్తుడుకి వెనక గోడ మీద ఒత్తుడు సరిపోవాలి. కానీ వెనక గోడకి కన్నం ఉంది. ఆ కన్నమంత మేర ఒత్తించుకోవడానికి రబ్బరు లేదు. దానికి తోడు గాలి ఆ కన్నం వైపు పరుగెత్తుకొస్తుంటే చుట్టుపక్కల రబ్బరు మీద ఒత్తుడు కూడా తగ్గుతుంది. అందుకని ముందు గోడ ఒత్తుడు గెలుస్తుంది. కంప్రెసరు పైపు చేతిలోంచి జారిపోతే పాములా కొట్టుకోవడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పిల్ల మొదట అడిగిన గోడ సంగతి. కారు వెనక జానెడు దూరంలో పలక నిలబెట్టి వదిలాం, ఏమీ లేకుండా వదిలాం. అయిదేసి సార్లు. ఒక బెత్తెడు అటూ ఇటూ తప్ప దూరంలో తేడా లేదు. తర్వాత ఒక అట్టముక్కని కారుకే వెనకాల నిలబెట్టి అతికించాం, గాలి పోయి దానికే కొట్టుకునేలా. కారు కదల్లేదు. గాలి బుస్సుమంటూనే ఉంది, కారు ఉన్నచోటే ఉంది. బూరని గాలి ముందుకి తోసినంత, అట్టని వెనక్కి తోస్తోంది. రెండూ ఒకే కారు మీద పడ్డాయి కాబట్టి ఇక్కడ నిజంగానే చెల్లయిపోయాయి. జడ్జిగారు అడిగిన రెండో ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు ఉండదు, కాని ఆ అట్టముక్క ఆ రోజు ఇంట్లో మర్చిపోయాం.

పడవలోంచి గట్టు మీదికి దూకినవాళ్ళకి తెలుసు, పడవ వెనక్కి పోతుంది. మన కాలు గట్టుకి తగిలాక పోదు, దూకిన క్షణంలోనే పోతుంది. సామాను రిక్షా మీద నిలబడి బియ్యం బస్తా వెనక్కి విసిరితే, బస్తా నేలకి తగలకముందే రిక్షా ముందుకి కదులుతుంది. బస్తా తర్వాత దేనికి తగిలితే రిక్షాకేంటి?

మీ రెండో మాట: పెద్దగా ఊదితే గట్టిగా తోస్తుందని. మేస్త్రీలు గోడల మట్టం చూసే ట్యూబ్ లెవెల్ పైపు ఒకటి అడిగి తెచ్చాం. దానిలో రంగునీళ్ళు పోసి, ఒక కొసకి బూర తగిలించి, రెండో కొసలో నీళ్ళు ఎంత పైకి లేస్తాయో చూశాం. బూర నిమ్మకాయంత ఉన్నప్పుడు నీళ్ళు బాగా ఎగదన్నాయి. కొబ్బరికాయంత అయ్యేసరికి 22 సెంటీమీటర్లకి దిగాయి. ఇంకా ఊదినా దాదాపు అక్కడే ఉన్నాయి. ఇక పగులుతుందేమో అనిపించేటప్పుడు మళ్ళీ కాస్త పెరిగాయి. బూర ఊదిన ఎవరికైనా ఇది తెలిసిందే, మొదటి ఊపిరికే కదా బుగ్గలు నొప్పెట్టేది. మా షాపు లెక్కలో చెప్పాలంటే సైకిల్ చక్రానికి 40 పౌండ్లు కొడితే, బూరలో ఒక పౌండులో మూడో వంతు కూడా ఉండదు. పెద్దగా ఊదితే పెరిగేది తోసే బలం కాదు, తోసే సేపు. అందుకే ఒకే గొట్టానికి రెండు బూరలు కట్టిన పిల్లలు డబుల్ స్పీడు వస్తుందనుకుని మోసపోతారు. మేమూ కట్టాం. కారు ఎక్కువ దూరం పోవడం మాట అటుంచి, ఒకసారి చిన్నగా ఉన్న బూరలోని గాలి పెద్ద బూరలోకి పోయి, చిన్నది చచ్చినట్టు వేలాడింది. పక్కన పంక్చరు కోసం నిలబడ్డ కుర్రాడు 'ఉన్నోడికే ఇంకా చేరుతుంది' అన్నాడు.

మూడో మాట దగ్గర నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. చక్రాల గురించి నా ఎదురుగా తప్పు మాట్లాడితే ఎలా? సైకిల్ తొక్కేటప్పుడు గొలుసు వెనక చక్రాన్ని తిప్పుతుంది, అది రోడ్డుని వెనక్కి తోస్తుంది, రోడ్డు సైకిల్‌ని ముందుకి తోస్తుంది. అందుకే బురదలో వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందు చక్రం సంగతి వేరు. దాన్ని ఎవరూ తిప్పరు. సైకిల్ ముందుకి పోతుంటే రోడ్డే దాన్ని వెనక్కి పట్టి తిప్పుతుంది. బూర కారుకి గొలుసు లేదు, పెడల్ లేదు. దాని నాలుగు చక్రాలూ ముందు చక్రాలే. నేల రాపిడి వాటిని తిప్పడానికే పనికొస్తుంది, కారుని తోయడానికి కాదు. మీ బొమ్మలో చక్రాల కింద బాణం ముందుకి వేశారు, అది వెనక్కి ఉండాలి. అసలు చక్రాలే అక్కర్లేదని చూపించడానికి షాపు షట్టరు నుంచి వేపచెట్టు దాకా నైలాన్ దారం కట్టి, దానికి స్ట్రా ఎక్కించి, స్ట్రాకి బూర అతికించి వదిలాం. చక్రం లేదు, నేల లేదు. చెట్టు దాకా సర్రున పోయి కొట్టుకుంది.

బయటి గాలికి ఇందులో పనే లేదా అంటే, ఉంది. అడ్డం పడే పని. బూర పొట్ట ముందుకి ఉబ్బి ఉంటుంది కదా, కారు వేగం అందుకున్న కొద్దీ ఎదురుగాలి దాన్ని ఆపుతుంది. వేగం రెండింతలైతే ఆ అడ్డు నాలుగింతలు. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి చూస్తే ఏడున్నర మీటర్లు కాస్తా రెండుకి పడిపోయింది. గొట్టం మూతి దగ్గర కూడా బయటి గాలి ఎదురు ఒత్తుతూనే ఉంటుంది. బయట అసలు గాలే లేకపోతే మన బూర ఉబ్బి పగిలిపోతుంది, నిజమే. ఆ లోపు మాత్రం ఇంకా గట్టిగానే తోస్తుంది.

ఇంకొకటి మీ డబ్బాలో లేనిది. ఏడున్నర మీటర్లలో దాదాపు సగం దూరం, బూర పూర్తిగా చప్పబడిపోయాకే పోయింది. అప్పుడు దాన్ని తోసేది ఏమీ లేదు. కారు బరువు కిందికి లాగుతోంది, నేల అంతే బలంతో పైకి మోస్తోంది, ఆ రెండూ సరి. ముందుకి బలం సున్నా. వెనక్కి మాత్రం రాపిడి, గాలి. అయినా పోతూనే ఉంది. వచ్చిన వేగాన్ని రాపిడి కాస్త కాస్తగా తినేసేదాకా పోతుంది. ఫెయిర్‌లో చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది 'ఇంకా లోపల కొంచెం గాలి ఉందేమో' అని బూర నొక్కి చూశారు.

మా అల్లుడు ఈ గొడవంతా విని ఫోన్లో ఒక పాత సంగతి వెతికి చూపించాడు. రాబర్ట్ గొడార్డ్ అని అమెరికాలో ఒక ప్రొఫెసరు. రాకెట్ చంద్రుడి దాకా పోగలదని ఆయన రాస్తే, 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఎగతాళి చేస్తూ సంపాదకీయం రాసింది. శూన్యంలో ఆనుకోవడానికి ఏముంటుంది, హైస్కూల్లో చెప్పే పాటి చదువు కూడా ఈయనకి లేదే అన్నట్టుగా. అచ్చం మా జడ్జిగారి ప్రశ్నే. గొడార్డ్ 1926లో ద్రవ ఇంధనంతో రాకెట్ ఎగరేశారు, 1945లో పోయారు. అపోలో 11 బయల్దేరిన మర్నాడు, 1969 జులై 17న, అదే పత్రిక సవరణ వేసుకుంది. రాకెట్ శూన్యంలో కూడా పని చేస్తుంది, మా పొరపాటుకి చింతిస్తున్నాం అని. 49 ఏళ్ళు పట్టింది. అది చదివి మనవరాలు "అప్పటికి నాకు అరవై దాటతాయి తాతా" అంది. నా సంగతి లెక్క వెయ్యలేదు, అదొక మర్యాద.

జడ్జిగారి మీద నాకు కోపం లేదు. ఆయన పేపర్ని నమ్మారు. నా చేతిలో పలక, కాటా, ట్యూబ్ లెవెల్ లేకపోతే నేనూ మీ డబ్బానే నమ్మి, పిల్లకి అదే బట్టీ పట్టించేవాణ్ణి. పోయిన మార్కులు ఎలాగూ తిరిగిరావు. నేను అడిగేది సవరణ. అదీ పెద్దల పేజీలో ఏ మూలో చిన్న అక్షరాలతో కాదు, అదే పిల్లల పేజీలో, అదే సైజు డబ్బాలో. తోపు లోపలి గాలిది అని, పెద్దగా ఊదితే ఎక్కువ సేపు తోస్తుందని, చక్రాలు ఊరికే తిరుగుతాయని మూడు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

బొమ్మ కోసం మీ ఆర్టిస్టుగారికి శ్రమ ఉండకూడదని మనవరాలు తనే గీసి ఈ ఉత్తరంతో పెట్టింది. గాలి మీద ఒక బాణం వెనక్కి, బూర మీద ఒక బాణం ముందుకి, ఇరుసుల దగ్గర వెనక్కి చిన్నవి, బూర పొట్ట మీద ఎదురుగాలిది, కిందికి బరువు, పైకి నేల. బూరకి ఎర్ర రంగు, చక్రాలకి ఏటికొప్పాక పసుపు వేసింది. మీరు నలుపు తెలుపులో అచ్చేసినా అదేమీ అనుకోదు. బాణాలు మాత్రం తిప్పెయ్యకండి.

ఇట్లు,
ఒక సైకిల్ షాపు యజమాని, యలమంచిలి
(పేరు వెయ్యకండి. వేస్తే పిల్ల బడి తెలిసిపోతుంది, ఆ గొడవ దానికి వద్దు.)